మస్టరు మీద వేలిముద్ర మనది, లెక్క ఎవరిది?

(పారిశుధ్య కార్మికులు, పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తలు కూడిన సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఊరంతా ఊడ్చి, మురుగు కాలవలు తోడి, చెత్త బండి తోలి ఇక్కడికి వచ్చిన మీకు పెద్ద పెద్ద మాటలు చెప్పడానికి మేము రాలేదు. కాగితాల గురించి నాలుగు ముక్కలు చెప్పి పోదామని వచ్చాం. మనల్ని వేల ఏళ్లు చదువుకి దూరంగా పెట్టింది ఎందుకో మనకు తెలుసు. కాగితం చదవడం వచ్చినవాడు లెక్క అడుగుతాడు. లెక్క అడిగేవాణ్ణి ఏ పెత్తందారూ సహించడు. అప్పట్లో కామందు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. ఇప్పుడు కామందు కొడుకే కాంట్రాక్టరయ్యాడు. వాడి చేతిలో చర్నాకోల లేదు, మస్టరు పుస్తకం ఉంది. మనం వేలిముద్ర వేస్తున్నాం. ఆ ముద్ర పైన ఏం రాసుందో అడగడం లేదు.

ఈ మధ్య మేము ఒక పట్టణంలో పారిశుధ్య కార్మికుల వాడలో కూర్చున్నాం. అందరూ మాదిగ, మాల, రెల్లి కుటుంబాల ఆడవాళ్లే. ఒక అక్కని అడిగాం, "నీ జీతమెంత?" అని. "వాళ్లిచ్చినంత" అంది. "రాసుకున్న జీతమెంత?" అంటే, "అది మాకెందుకు చెప్తారయ్యా" అంది. పక్కనున్న పెద్దమ్మ నవ్వి, "పదకొండేళ్లుగా సంతకం పెడుతున్నా. దేని మీద పెడుతున్నానో దేవుడికే ఎరుక" అంది. అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి మేము ఒక పని పెట్టుకున్నాం. ఏ ఊరు పోయినా ముందు టెండరు కాగితం సంపాదించడం, దాన్ని వాడలో కూర్చుని అందరికీ చదివి వినిపించడం. ఈ రోజు చెప్పేది ఆ అనుభవంలో నుంచి వచ్చిందే.

టెండరు కాగితంలో మన కూలి ఉంది

మునిసిపాలిటీ గానీ, ప్రభుత్వాసుపత్రి గానీ, యూనివర్సిటీ గానీ ఊడ్చే పనిని కాంట్రాక్టుకిచ్చేటప్పుడు ఊరికే ఇవ్వదు. టెండరు పిలుస్తుంది. ఎంతమంది మనుషులు కావాలి, ఏ పనికి రోజుకెంత, పీఎఫ్ ఎంత, ఈఎస్ఐ ఎంత, కాంట్రాక్టరు కమీషనెంత అని లెక్క కడుతుంది. తర్వాత కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకుంటుంది. కనీస వేతనాల ప్రకారం జీతం ఇస్తాననీ, పీఎఫ్, ఈఎస్ఐ కడతాననీ, కట్టిన చలాన్లు బిల్లుతో పాటు చూపిస్తాననీ మామూలుగా అందులో షరతులుంటాయి. కాంట్రాక్టరు ముందే కొంత సొమ్ము డిపాజిట్ కూడా కడతాడు. షరతు తప్పితే అందులోంచి కోసుకునే అధికారం ఆఫీసుకుంటుంది.

అంటే ఏంది? మన జీతం కాంట్రాక్టరు దయ కాదు. ప్రజల సొమ్ములో నుంచి మన పేరు మీద విడుదలవుతున్న డబ్బు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, నడుమ ఆగిపోతున్నది ఆ డబ్బే.

ఒక లెక్క చెప్తాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకెలే గానీ ఫలానా ఊరివి కావు. ఒప్పందంలో రోజుకు 500 రూపాయలు, నెలకు 26 రోజులు అని ఉందనుకోండి. నెలకు 13,000. అందులో మన వాటా పీఎఫ్ నూటికి 12 లెక్కన 1,560 రూపాయలు కోస్తారు. ఈఎస్ఐ నూటికి ముప్పావలా, అంటే 0.75 లెక్కన 98 రూపాయలు కోస్తారు. మొత్తం కోత 1,658. మిగిలింది 11,342. ఇది మన చేతికి రావాలి. చేతికి వస్తున్నది 9,000 అయితే నెలకు 2,342 మాయమవుతోంది. అట్లాంటి వాళ్లు నలభై మంది ఉంటే నెలకు 93,680. ఏడాదికి 11 లక్షల 24 వేలు దాటింది. ఒక చిన్న పట్టణంలో నలభై మంది ఆడవాళ్ల చీపురు కట్టల మీద ఇంత సొమ్ము! వాడి కారు డీజిలుతో నడుస్తోందనుకుంటున్నాం మనం.

ఇంకో మోసం ఉంది. పీఎఫ్‌లో మన వాటా 12 అయితే, యజమాని వాటా ఇంకో 12. ఈఎస్ఐలో మనది 0.75, యజమానిది 3.25. యజమాని వాటాని యజమానే కట్టాలి. మన జీతంలోంచి కొయ్యడానికి చట్టం ఒప్పుకోదు. కొందరు కాంట్రాక్టర్లు రెండు వాటాలూ మన దగ్గరే కోస్తారు. ఇంకొందరు కోసి, కట్టకుండా జేబులో వేసుకుంటారు. "పీఎఫ్ పోతోందమ్మా, అందుకే తక్కువొచ్చింది" అంటే నమ్మి ఊరుకోవద్దు. పీఎఫ్‌కి మనిషికొక నంబరుంటుంది. యూఏఎన్ అంటారు. ఉద్యోగం మారినా అదే నంబరు. ఆ నంబరు అడగండి. చదువుకున్న పిల్లల చేత ఫోన్లో పాసుపుస్తకం తీయించి ఏ నెల ఎంత పడిందో చూడండి. నంబరే లేదన్నాడంటే దొంగ దొరికినట్టే.

చట్టాల పేర్లు మారాయి, మోసపోకండి

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఇంతకాలం మనం కనీస వేతనాల చట్టం 1948, కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970 అని చెప్పుకుంటూ వచ్చాం. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం ఈ పాత చట్టాలు తీసేసి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. కార్మిక సంఘాలు వీటిని వ్యతిరేకించాయి. కారణం ఉంది. ఉదాహరణకు కాంట్రాక్టు కార్మికుల రక్షణలు మూల చట్టంలో 20 మంది ఉన్న చోట వర్తించేవి. కొత్త కోడ్‌లో ఆ అధ్యాయం 50 మంది ఉంటేనే వర్తిస్తుంది. పైగా సంస్థ అసలు పని కాంట్రాక్టుకివ్వకూడదంటూనే, పారిశుధ్యాన్ని మామూలుగా "అసలు పని" లెక్కలో నుంచి తీసి పక్కన పెట్టారు. ఊడ్చేవాడి పని ఎప్పుడూ పక్కనే! ఇది మనం పోరాడాల్సిన సంగతి.

కాని కాంట్రాక్టర్లు దీన్ని అడ్డం పెట్టుకుని, "పాత చట్టాలు పోయాయి, మీకింక హక్కుల్లేవు" అని ప్రచారం చేస్తే అది అబద్ధం. వేతనాల కోడ్‌లో మనం పట్టుకోవాల్సిన పిడులు ఇవీ:

ఒకటి. కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వకూడదు. అది ఇంత మంది ఉంటేనే అన్న మెలిక లేదు. పంచాయతీలో ఇద్దరే ఉన్నా వర్తిస్తుంది. మన రాష్ట్రాల్లో కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంటుంది. ఆ పట్టిక కార్మిక శాఖ ఆఫీసులో ఉంటుంది.

రెండు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పనిలోంచి తీసేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి.

మూడు. జీతం చీటీ ఇవ్వాలి. కాగితం మీదనో, ఫోన్లోనో.

నాలుగు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే, ఏ సంస్థలో పని చేస్తున్నామో ఆ సంస్థ ఇవ్వాలి. "మీరు మా మనుషులు కారు, కాంట్రాక్టరునడగండి" అని కమిషనరు చేతులు దులుపుకోవడానికి లేదు. మనకిచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం ఆయన పని.

ఐదు. తక్కువ ఇచ్చారని మనం ఫిర్యాదు చేస్తే, పూర్తిగా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమాని. మనం కాదు. ఇది చాలా పెద్ద మాట. మన దగ్గర కాగితం లేదని భయపడకండి. కాగితం లేకపోతే ఇరుక్కునేది వాడే.

ఆరు. మూడేళ్ల వెనక బాకీ దాకా అడగొచ్చు. బాకీతో పాటు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ అధికారికుంది. పది రెట్లూ వస్తాయని మేము చెప్పడం లేదు. అడగందే అమ్మయినా పెట్టదు, అడగమని చెప్తున్నాం. ఇందాక చెప్పిన లెక్కలో నెలకు 2,342 చొప్పున మూడేళ్లకు మనిషికి 84,312 రూపాయలు. ఇది మన పిల్ల కాలేజీ చదువు. దాన్ని వదులుకుంటున్నాం మనం.

కాంట్రాక్టరు ఎప్పుడూ చెప్పే ఇంకో పాట: "మునిసిపాలిటీ నాకు బిల్లియ్యలేదు, నేనెక్కణ్ణించి తెచ్చేది?" బిల్లు ఆలస్యం వాడికీ ఆఫీసుకీ మధ్య తగాదా. మన జీతం దాని మీద ఆధారపడి లేదు. చెత్త ఎత్తేటప్పుడు, "బిల్లొచ్చాక ఎత్తుతాంలే" అని మనమన్నామా?

కాగితం రాబట్టేదెట్లా

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. తెల్ల కాగితం మీద అర్జీ చాలు. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల కార్డు ఉన్న పేదలకు ఫీజే లేదు. ఎందుకడుగుతున్నావని ఆఫీసరు అడగకూడదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి 30 రోజుల్లో అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి అప్పీలు.

అడగాల్సినవి రాసుకోండి. పారిశుధ్య పనికి పిలిచిన టెండరు నోటీసు, షరతుల నకలు. కాంట్రాక్టరుతో రాసుకున్న ఒప్పందం నకలు. మనిషికి రోజుకు లేదా నెలకు కట్టిన రేటు. గడిచిన 12 నెలల్లో చెల్లించిన బిల్లులు, వాటితో పెట్టిన మస్టర్లు, జీతాల పట్టికల నకళ్లు. పీఎఫ్, ఈఎస్ఐ చలాన్ల నకళ్లు. ఇంతే. ఎక్కువ రాయొద్దు, తిట్లు రాయొద్దు. తిట్టాలనుంటే సభలో తిడదాం, అర్జీలో మాత్రం లెక్కే అడుగుదాం.

అర్జీ పనిలో ఉన్న అక్క పేరు మీద వేయొద్దు. వాళ్లకి తెలిసిన మరుక్షణం ఆమెని రేపట్నించి రావద్దంటారు. కార్యకర్తల పేరు మీద, పక్క ఊరి వాళ్ల పేరు మీద వేయండి. మేము ఈ తప్పు ఒకసారి చేశాం. మొదటి అర్జీ ఒక చెల్లి పేరు మీద వేయించాం. వారం తిరక్కుండా ఆమెని ఊరి చివర డంపింగు యార్డుకి మార్చారు. చంటిబిడ్డ తల్లి. తర్వాత నలభై మందీ కలిసి పోయి అడిగితే గానీ వెనక్కి తేలేదు. ఆ తప్పు మాది. అందుకే చెప్తున్నాం. ఒంటరిగా అర్జీ, ఒంటరిగా ఫిర్యాదు వద్దు. అందరి సంతకాలతో, సంఘం పేరుతో పోవాల.

నకళ్లు వచ్చాక వాడలో కూర్చుని మస్టరు చదవండి. అప్పుడు వింతలు కనపడతాయి. చచ్చిపోయినోళ్లు పని చేస్తుంటారు. పెళ్లై వెళ్లిపోయిన పిల్ల ఇంకా ఊడుస్తూనే ఉంటుంది. పని చేసేది ముప్పై మందైతే కాగితంలో నలభై ఐదు మంది ఉంటారు. ఆ పదిహేను మంది పని ఎవరు చేస్తున్నారు? మన ముప్పై మందే. దొంగ పేర్లకు జీతం పోతోంది, మన నడుము విరుగుతోంది.

లెక్క తేలాక కార్మిక శాఖ సహాయ కమిషనరు ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. కాంట్రాక్టరునీ, మునిసిపాలిటీనీ ఇద్దర్నీ పార్టీలుగా చేర్చండి. ఒక్కణ్ణే చేరిస్తే రెండోవాడు తప్పుకుంటాడు. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వకీలు ఖర్చుకి భయపడొద్దు. న్యాయ సేవల చట్టం 1987 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. ఆడవాళ్లకి ఏ కులమైనా సరే ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసుంటుంది. ఫోను నంబరు 15100.

ఇది భిక్ష కాదు, అబద్ధం కూడా కాదు

కనీస వేతనం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నారు. కనీస వేతనాల బిల్లు 1946లో ఆయనే ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల పనుల్లో కూలీలకు తక్కువ ఇస్తున్నారని పౌరహక్కుల వాళ్లు సుప్రీంకోర్టుకి పోతే, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టి కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. ఆకలి కూడా బలవంతమేనని చెప్పింది. "ఇష్టమై చేస్తున్నారు కదా" అన్న మాటకి అదీ జవాబు.

అదే సమయంలో మీకు లేనిపోని ఆశలు పెట్టడం మాకిష్టం లేదు. "కేసేస్తే అందర్నీ పర్మినెంట్ చేస్తారు" అని చెప్పి మనిషికింత వసూలు చేసే బ్రోకర్లు తిరుగుతున్నారు. నమ్మొద్దు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు విధానం రద్దయినంత మాత్రాన కార్మికులు వాటంతటవే పర్మినెంట్ కారని చెప్పింది. కాంట్రాక్టు ఉత్త బూటకం, పేరుకే కాంట్రాక్టరు, నడిపేదంతా ఆఫీసే అని రుజువైతే అప్పుడు మాట వేరు అంది. 2006లో ఉమాదేవి కేసులో దొడ్డిదారి నియామకాలు రెగ్యులర్ చెయ్యొద్దంది. ఆ తీర్పుని అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి ఊడ్పించుకుని గెంటేయడం తప్పని 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో చెప్పింది. అందులో నెగ్గినవాళ్లలో ఆఫీసు ఊడ్చిన ఆడవాళ్లే ఉన్నారు. కాని వాళ్లు ఆఫీసు నేరుగా పెట్టుకున్నవాళ్లు. మన నడుమ కాంట్రాక్టరున్నాడు. కాబట్టి పర్మినెంట్ పోరాటం పొడుగు పోరాటం. అది చేస్తూనే, ఈ నెల జీతం ఈ నెల పూర్తిగా రాబట్టుకోవాల. దానికోసం దీన్ని వదలొద్దు.

దీనికోసం ఏ కాగితం దాచాలి? సూపర్‌వైజరు ఎవరి మనిషి, సెలవెవరిచ్చారు, పని ఎవరు చెప్పారు అనేవి. ఆఫీసు ఇచ్చిన గుర్తింపు కార్డు, ఫోన్లో వచ్చిన మెసేజీ, డ్యూటీ చార్టు ఫొటో. కాంట్రాక్టరు మూడుసార్లు మారినా మనం అక్కడే ఉన్నామని చూపించే ప్రతి ముక్కా బీరువాలో బంగారంతో సమానం.

చెల్లని సంతకాలు

"తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చారు, అది తీరేదాకా కదలడానికి లేదంటున్నారు" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. ఒప్పందాల చట్టం 1872 నాటిది. అందులోని మూల సూత్రం చిన్నదే. బెదిరించి, మోసం చేసి తీసుకున్న ఒప్పుదల ఒప్పుదల కాదు. చట్టం వద్దన్న పనికి రాసుకున్న ఒప్పందం చెల్లదు. కనీస వేతనం వద్దని నువ్వే రాసిచ్చినా అది చెల్లదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసినంత మాత్రాన అన్యాయం న్యాయం కాదు. ఇక అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేస్తే వెట్టి కార్మిక నిర్మూలన చట్టం 1976 ఉంది. ఆ అప్పే రద్దవుతుంది. కలెక్టరుకి అర్జీ ఇయ్యాల.

మరొక మాట, ప్రాణం మీదికొచ్చే మాట. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పాకీ పనికి మనిషిని పెట్టుకునే ఒప్పందం ఏదైనా సరే రద్దు, చెల్లదు అని ఆ చట్టంలోనే రాసుంది. మొదటిసారి దించినా రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. ఎస్సీ, ఎస్టీలను పాకీ పనికి పెట్టడం అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరమే. మురుగులో చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. ఇంటివాడు ఐదు లక్షలు చేతిలో పెట్టి, "కేసు లేదని రాసివ్వండి" అంటే రాసివ్వకండి. కాని అన్నలారా, 30 లక్షలు కాదు మనకి కావాల్సింది, మనిషి కావాల. "ఐదొందలు ఎక్కువిస్తా, ఒక్కసారి దిగు" అన్నప్పుడు, "దిగను" అనే మాట నేర్చుకోవాల. మన పక్కనోడు దిగుతుంటే చెయ్యి పట్టి లాగాల.

పేరు అద్దెకివ్వకండి

చివరగా చదువుకున్న మన కుర్రాళ్లకి. ఎంతసేపూ కాంట్రాక్టరు దగ్గర కూలి అడగడమేనా, మనమే కాంట్రాక్టు చెయ్యలేమా అంటున్నారు. చెయ్యొచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే సరుకుల్లో, సేవల్లో నూటికి 25 సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. అందులో 4 ఎస్సీ, ఎస్టీల యూనిట్ల దగ్గర, 3 ఆడవాళ్ల యూనిట్ల దగ్గర కొనాలని 2012 నాటి కొనుగోలు విధానం, తర్వాత చేసిన సవరణలు చెప్తున్నాయి. టెండరు ఫారానికి డబ్బు కట్టక్కర్లేదు, ధరావతు కట్టక్కర్లేదు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉచితం, ఎవరికీ పైసా ఇవ్వొద్దు. ఇది తయారుచేసేవాళ్లకి, సేవలు చేసేవాళ్లకి. కొని అమ్మే వ్యాపారానికి, రోడ్లు భవనాల పనులకి ఇది వర్తిస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఆ పనుల్లో రాష్ట్రాల ఉత్తర్వులు వేరుగా ఉంటాయి, టెండరు నోటీసు చదువుకోవాలి. పక్కనున్న కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకి నూటికి 24.10 పనులు చట్టం చేసి మరీ కేటాయించారు. మొదట 50 లక్షల లోపు పనులకి పెట్టారు, తర్వాత ఆ పరిమితి పెంచారు. కొట్లాడితే వచ్చింది.

సరుకిచ్చాక డబ్బు ఆపితే సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం 2006 ఉంది. ఒప్పందంలో ఏం రాసినా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. దానికి ప్రత్యేక కౌన్సిల్ ఉంది. కాని ఉద్యం రిజిస్ట్రేషన్ ఒప్పందానికి ముందే చేయించుకోవాల, తగాదా వచ్చాక చేయించుకుంటే పనికిరాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎస్సీ కోటా పని ఎక్కడొచ్చినా పెద్దకులం కాంట్రాక్టరు మన వాడలోకి వస్తాడు. జీవితంలో మొదటిసారి మన అరుగు మీద కూర్చుంటాడు. "తమ్ముడూ, నీ పేరు మీద వేస్తా, పని నేను చూసుకుంటా, నీకు నూటికి రెండో మూడో ఇస్తా" అంటాడు. కులం సర్టిఫికెట్, చెక్కుబుక్కు, సంతకాలు తీసుకుపోతాడు. లాభం వాడిది. జీఎస్టీ బాకీ నీది, పీఎఫ్ బాకీ నీది, కూలీల ఫిర్యాదులో మొదటి పేరు నీది. సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కు బౌన్సయితే రెండేళ్ల దాకా జైలు రాసున్న కేసు నీ మీద. అన్నిటికన్నా దుర్మార్గమేమిటంటే, నీ పేరు మీద ఆ కాంట్రాక్టరు ఎగ్గొట్టేది నీ వాడలో నీ పిన్నమ్మ, నీ మేనత్త కూలి. కంచే చేను మేస్తే ఎట్లా?

పేరు మనదైతే పనీ మనదే కావాల, లెక్కా మనదే కావాల. పెట్టుబడి లేకపోతే పదిమంది కలిసి సంఘంగా చేసుకుందాం. చిన్న పనే చేద్దాం. మన కింద పని చేసేవాళ్లకి మొదటి నెలే జీతం చీటీ ఇచ్చి చూపిద్దాం.

వచ్చే పదిహేను రోజుల పని

మాటలు చాలు. వచ్చే సంచిక మీ చేతికొచ్చేలోపు ప్రతి ఊరి కార్యకర్తా నాలుగు పనులు చెయ్యాల. ఒకటి, మీ పంచాయతీ లేదా మునిసిపాలిటీకి సమాచార హక్కు అర్జీ ఒకటి పెట్టాల. రెండు, ఒక నోటు పుస్తకం కొని ప్రతి కార్మికురాలి పేరు, పనిలో చేరిన ఏడాది, చేతికొస్తున్న జీతం, పీఎఫ్ నంబరు ఉందా లేదా రాయాల. మూడు, ఏ సంతకమైనా పెట్టే ముందు చదివి చెప్పడానికి వాడలో ఒక పిల్లనో పిల్లాణ్ణో పెట్టాల. ఇంటర్ చదివే పిల్ల చాలు. నాలుగు, మస్టరు సంతకం పెట్టేటప్పుడు అంకె రాయని చోట సంతకం పెట్టబోమని అందరూ ఒకే రోజు, ఒకే మాట చెప్పాల. ఒక్కరు చెప్తే పని పోతుంది. నలభై మంది చెప్తే వీధిలో చెత్త లేవదు. ఊరికి మన విలువ తెలిసేది అప్పుడే.

ఇందాక చెప్పిన పెద్దమ్మ మొన్న మళ్లీ కనపడింది. ఒప్పందం నకలు ఇంకా చేతికి రాలేదు, అప్పీలు నడుస్తోంది. బాకీ ఒక్క రూపాయి కూడా ఇంకా రాలేదు. కాని మస్టరు తెచ్చిన సూపర్‌వైజరుతో ఆమె, "ముందు నా మనవరాలు చదువుద్ది, తర్వాత నేను ముద్రేస్తా" అందంట. వాడు పుస్తకం మూసుకుని వెళ్లిపోయి, మధ్యాహ్నానికి అంకెలు నింపి తెచ్చాడంట.

పదకొండేళ్ల తర్వాత ఆ పుస్తకం మొదటిసారి నిండింది. మన ఊళ్లన్నిట్లో నింపిద్దాం.

జై భీం!